ట్రైలర్ కొనేముందు దాని ఫ్రేమ్ గట్టిదో కాదో ఎలా చూసుకోవాలి

"ఏ కంపెనీ ట్రైలర్ ఫ్రేమ్ గట్టిగా ఉంటుంది?" అమెరికాలో ఇల్లులా వాడుకునే బండి, అంటే ఆర్‌వీ కొనాలనుకునే మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. కంపెనీ పేరు ఒకటి చెప్పి ఊరుకోవడం తేలికే గానీ దానివల్ల మీకు ఒరిగేది తక్కువ. ఈ దేశంలో అమ్ముడయ్యే ఆర్‌వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. పైన స్టిక్కర్ మీద పేర్లు ఎన్ని ఉన్నా, కింద ఫ్రేములు మాత్రం చాలావరకు లిప్పర్ట్ లాంటి కొద్దిమంది సరఫరాదారుల దగ్గర్నుంచే వస్తాయి. ట్రైలర్ కంపెనీ ఎంత మందం కావాలని ఆర్డరిస్తే అంత మందం ఉక్కు, ఎన్ని అడ్డపట్టీలు కావాలంటే అన్ని. పైగా ఒకే మోడల్లో ఒక బండికి వెల్డింగ్ నిండుగా పడుతుంది, దాని పక్కన నిలబెట్టిన బండికి హడావుడిగా పడుతుంది. అందుకే నేను పేరు చూడమని చెప్పను, మీరు డబ్బు పెట్టబోయే ఆ ఒక్క బండి కిందికి దూరి చూడమంటాను. కింద చెప్పేదంతా ట్రక్కు వెనక తగిలించే ట్రావెల్ ట్రైలర్లకు, ట్రక్కు తొట్టెలో తగిలించే ఫిఫ్త్ వీల్స్‌కు వర్తిస్తుంది. కొత్తదైనా, పాతదైనా ఇదే పద్ధతి. నింపాదిగా చేస్తే ఒక పూట పడుతుంది.

కావాల్సినవి

• మంచి వెలుతురున్న టార్చ్, చేతి అద్దం. వీలైతే ఫోన్‌కు తగిలించుకునే ఎండోస్కోప్ కెమెరా
• 50 అడుగుల టేపు, నైలాన్ దారం, తూకపు గుండు
• వైర్ బ్రష్, పాత గుడ్డలు, తెల్ల పెయింట్ మార్కర్
• చెక్కలో తేమ చూసే మీటరు
• చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు
• పడుకుని చూడటానికి ఒక అట్టముక్క, కళ్లద్దాలు, చేతితొడుగులు
• సాయానికి ఇంకో మనిషి

ముందుగా ఒక జాగ్రత్త. జాక్ మీద మాత్రమే నిలబడ్డ ట్రైలర్ కిందికి ఎప్పుడూ దూరకండి. లాగే ట్రక్కుకు తగిలించి, చక్రాలకు రెండువైపులా చెక్కలు పెట్టాకే కిందికి వెళ్లండి. ఎత్తాల్సి వస్తే ఫ్రేమ్ కింద జాక్ పెట్టి ఎత్తండి, యాక్సిల్ గొట్టం కింద పెట్టొద్దు. ఆ గొట్టం వంగిందంటే టైర్లు ఒకవైపే అరుగుతాయి.

సిద్ధాంతం గురించి ఒక్క మాట చాలు. బండి లోపలి నేల మీది బరువంతా రెండు పొడవాటి దూలాల మీదికి చేరుతుంది. అక్కడి నుంచి వెనక స్ప్రింగులను పట్టుకునే హ్యాంగర్లకు, ముందు ట్రక్కుకు తగిలించే హిచ్‌కు దిగుతుంది. బరువు ఇలా దారి మళ్లే చోటే ఉక్కు మీద ఒత్తిడి పేరుకుంటుంది. పగుళ్లు ఎక్కువగా పుట్టేది ఆ చోట్లలోనే, దూలం నడిమధ్యన కాదు.

1. కాగితాలతో మొదలుపెట్టండి

బండి ఎడమవైపు, ముందు భాగంలో బయట అంటించిన లేబుల్ మీద జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది. బండి, సామాను, నీళ్లు అన్నీ కలిపి దాటకూడని బరువు అది. తలుపు దగ్గరుండే పసుపు స్టిక్కర్ మీద సామాను బరువు ఎంతకు మించకూడదో రాసి ఉంటుంది. ఈ రెండో అంకెను చాలామంది చదవరు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు తూగుతాయి. 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే 415 పౌండ్లు అక్కడే పోయినట్టు. స్టిక్కర్ మీద 900 పౌండ్లని ఉంటే మంచినీళ్లు, వంటసామాను, బట్టలు, కుర్చీలు, డీలరు తర్వాత బిగించిన అదనపు బ్యాటరీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. నలుగురు తిరిగే బండికి అది చాలదని నా అభిప్రాయం. ఫ్రేమ్ ఎంత మంచిదైనా ప్రతి ప్రయాణంలోనూ అంచు దాకా మోయిస్తే నిలవదు.

తర్వాత విన్ నంబరు, అంటే 17 అక్షరాల గుర్తింపు సంఖ్య, నోట్ చేసుకోండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ అయిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో అది కొడితే ఇంకా సరిచేయని రీకాల్స్ ఉంటే కనిపించొచ్చు. ఖర్చు లేని పని, వదలొద్దు.

తలుపు పక్కన ఆర్‌వీ పరిశ్రమ సంఘం ఆర్‌వీఐఏ ముద్ర కనిపిస్తే దాన్ని ఫ్రేమ్‌కు పూచీ అనుకోకండి. కరెంటు, గ్యాసు, నీటి గొట్టాలు, అగ్ని భద్రత నియమాలు పాటించామని తయారీదారు ఇచ్చే హామీ అది. దూలాల గట్టిదనానికి దానితో సంబంధం లేదు.

2. ముప్పై అడుగుల దూరం నుంచి చూడండి

చదునైన నేల మీద బండిని మట్టంగా నిలబెట్టించండి. దూరంగా నిలబడి పక్కనుంచి పైకప్పు అంచును, కింది అంచును ఒక గీతలా చూపు సారించండి. పొడవాటి ఫ్రేములకు మధ్యలో కొద్దిపాటి పైవంపు కావాలనే ఇస్తారు, దాన్ని చూసి కంగారు పడొద్దు. యాక్సిళ్ల పైన ఉన్నట్టుండి మడత పడినట్టున్నా, వెనక భాగం కిందికి జారినట్టున్నా, టైరుకూ దాని పై గూడుకూ మధ్య ఖాళీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉన్నా అనుమానించాల్సిందే. టైరు గూడు లోపల నల్లటి రాపిడి గుర్తుల కోసం టార్చ్ వేసి చూడండి. ఎప్పుడో ఒకప్పుడు టైరు పైకి తగిలిందంటే స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు, యాక్సిల్ వంగి ఉండొచ్చు, లేదా మోయాల్సినదాని కంటే ఎక్కువ మోసి ఉండొచ్చు.

3. కిందికి దూరి దూలాలు చూడండి

దూలం ఎత్తు కొలవండి. బండిని బట్టి 6 నుంచి 12 అంగుళాల దాకా ఉంటుంది. కొన్ని ఒకే ముక్కగా కాల్చి రోలర్ల మధ్య సాగదీసినవి, కొన్ని మూడు పలకలను అతికి చేసినవి. రెండో రకంలో నిలువు పలక పలచగా ఉంటుంది. పలచన అయినంత మాత్రాన చెడ్డది కాదు, లెక్క ప్రకారం చేసి ఉంటే నిలుస్తుంది. కాకపోతే దాని మీద తర్వాత ఎవరైనా చేసిన పని ఎక్కువ ముప్పు తెస్తుంది.

చూడాల్సినవి ఇవి. దూలం పై పట్టీ, కింది పట్టీల్లో ఎవరైనా రంధ్రాలు వేశారా? ఏదో బ్రాకెట్ బిగించడానికి కింది పట్టీకి తూటు పొడిస్తే దూలం బలంలో ముఖ్యమైన చోటే కోత పడినట్టు. నిలువు పలకలో గొట్టాల కోసం వేసిన రంధ్రాలు గుండ్రంగా, అంచులు నునుపుగా ఉన్నాయా, గ్యాస్ మంటతో కోసినట్టు ముళ్లుముళ్లుగా ఉన్నాయా? మూలలు పదునుగా ఉన్న కోత దగ్గర్నుంచే పగులు బయల్దేరుతుంది.

వెల్డింగ్ సంగతి. అతుకు తుంపులు తుంపులుగా ఉండటం తప్పు కాదు, చాలా ఫ్రేముల్లో డిజైనే అంత. తుంపుల పొడవు, వాటి మధ్య ఎడం ఒకే తీరుగా ఉన్నాయా అన్నది చూడండి. కుడివైపు ఉన్న అతుకు ఎడమవైపు అదే చోట లేకపోతే మరిచిపోయారన్నమాట. మంచి అతుకు రెండు ముక్కల్లోకీ కరిగి కలిసిపోయి ఉంటుంది. చెడ్డది పైన కూర్చున్న ఉండలా ఉంటుంది, అంచు దగ్గర సందు కనిపిస్తుంది, లేదా సూదిగుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి.

చాలా బండ్లకు అడుగున ప్లాస్టిక్ షీట్ కప్పి ఉంటుంది. ఫ్రేమ్‌లో సగం దాని వెనకే దాగుతుంది. ఒక మూల నాలుగు స్క్రూలు విప్పి చూసుకుంటానని అడగండి. ఒప్పుకోకపోతే అంచు సందులోంచి ఎండోస్కోప్ దూర్చండి. రెండూ కుదరనివ్వని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

4. స్ప్రింగ్ హ్యాంగర్ల దగ్గర ఎక్కువసేపు ఉండండి

ఈ గైడ్‌లో ఒక్క అడుగుకే టైముందంటే ఇదే చేయండి. హ్యాంగర్ అంటే కమాన్ కట్టను దూలానికి పట్టుకునే ఉక్కు చెవి. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌ను సందు మలుపులో తిప్పినప్పుడు టైర్లు దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోతాయి. ఆ తోపు మొత్తం హ్యాంగర్ మెడ మీద పడుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఏళ్ల తరబడి అలా ఊగి ఊగి హ్యాంగర్ అతుకు చివర చిట్లుతుంది, లేదా దూలం కింది పట్టీయే పక్కకు వాలుతుంది.

మట్టి, గ్రీజు వైర్ బ్రష్‌తో గీకేయండి. టార్చ్‌ను ఎదురుగా కాకుండా ఏటవాలుగా పట్టండి. వెల్డింగ్ అంచున, ముఖ్యంగా దాని కొస దగ్గర, వెంట్రుకంత గీత ఉందేమో చూడండి. మామూలు తుప్పుకూ పగులుకూ తేడా ఇలా తెలుస్తుంది: మామూలు తుప్పు మచ్చలా నాలుగువైపులా పరుచుకుంటుంది. పగులు తుప్పు సన్నటి గీతలా ఉండి, దాని కిందికి గోధుమరంగు చార కారి ఉంటుంది. చుట్టూ నల్ల రంగు శుభ్రంగా ఉండి, మధ్యలో ఆ ఒక్క చారే కనిపిస్తే అక్కడ ఉక్కు తెరుచుకుందనే అనుకోండి.

అనుమానం తీరకపోతే డై పెనిట్రంట్ స్ప్రే వాడొచ్చు. చోటును శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టండి, డబ్బా మీద రాసినంతసేపు ఆగండి, గుడ్డకు క్లీనర్ తడిపి తుడవండి. నేరుగా క్లీనర్ చిమ్మితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. తర్వాత తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. ఇది అమ్మేవాళ్ల అనుమతితోనే చేయండి.

కుడి, ఎడమ హ్యాంగర్లను కలుపుతూ అడ్డపట్టీ ఉందా? ఉంటే ఆ ఫ్రేమ్ చేయించినవాళ్లు మలుపుల గురించి ఆలోచించారని అర్థం. లేకపోతే తర్వాత వేయించుకోవచ్చు, ధర మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి. స్ప్రింగును హ్యాంగర్‌కు కలిపే షాకిల్ బోల్టుల రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డు ఆకారానికి సాగాయా చూడండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే ప్లాస్టిక్ బుష్‌లు త్వరగా అరుగుతాయి. గ్రీజు పెట్టుకునే బోల్టులు, ఇత్తడి రంగులో ఉండే కంచు బుష్‌లు వేసి ఉంటే పాత యజమాని బండిని శ్రద్ధగా చూసుకున్నాడని నమ్మొచ్చు.

5. ముందు భాగం

ట్రావెల్ ట్రైలర్ అయితే: ముందున్న త్రికోణపు చట్రం ప్రధాన దూలాలను ఎక్కడ కలుస్తుందో వెతకండి. త్రికోణపు చేతులు దూలాల కింద కొంత దూరం సాగి అతికి ఉంటే మేలు. మొనకు మొన ఆనించి అతికి ఉంటే ఆ అతుకు మీదే భారమంతా. బరువు పంచే హిచ్ వాడిన బండ్లలో దాని బ్రాకెట్లు బిగించిన చోట చట్రం నొక్కుకుపోయిందేమో తడిమి చూడండి. ఆ హిచ్ వాడటానికి ఫ్రేమ్ తయారీదారు అనుమతి ఉందో లేదో యజమాని పుస్తకంలో చూసుకోండి.

ఫిఫ్త్ వీల్ అయితే: ముందుకు పొడుచుకొచ్చిన పడకగది భాగం కింది పెట్టెను కలిసే మూలే అసలు పరీక్ష. ట్రక్కుకు తగిలించి, తాళం పడిందని నిర్ధారించుకున్నాక, సాయానికొచ్చిన మనిషిని ముందు కాళ్లు మెల్లగా పైకి లేపమనండి. బరువు కాళ్ల మీంచి ట్రక్కు హిచ్‌లో దిగే కింగ్‌పిన్ మీదికి మారుతుంది. ఆ సమయంలో మీరు పక్కన, దూరంగా నిలబడి ఆ మూలను, ముందు ముఖాన్ని కప్పే టోపీకీ పక్కగోడకూ మధ్య సందును చూడండి. కిందికి తల పెట్టొద్దు. కొంచెం కదలిక సహజం, ఉక్కు వంగకుండా ఉండదు. సందు కళ్లకు కనిపించేలా తెరుచుకుని మూసుకుంటున్నా, గోడ చర్మం ముడతలు పడుతున్నా, కిర్రుమని చప్పుడొస్తున్నా ఆ బండి వదిలేయండి. ఎంత కదలిక ఎక్కువ అన్నది తేల్చుకోవాలంటే అదే మోడల్ ఇంకో బండికి ఇదే పరీక్ష చేయించి పోల్చండి. కుడి ఎడమల మధ్య తేడా ఉన్నా అనుమానమే. ఆ మూల దగ్గర సీలెంట్ కొత్తగా, మిగతా చోట్ల పాతగా ఉంటే ఎందుకు పూశారో అడగండి.

6. ఫ్రేమ్ కదిలితే బాడీ చెప్పేస్తుంది

తలుపు పట్టేస్తోందా? కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్లున్నాయా? బయటికి జరిగే గది భాగం, అంటే స్లైడవుట్, మూసినప్పుడు చుట్టూ ఉన్న సందు ఒకే తీరుగా ఉందా? స్లైడ్ కోసం గోడను కోసేస్తారు కాబట్టి ఆ చోట మోత అంతా కింది దూలానిదే. పెద్ద స్లైడ్లు ఎదురెదురుగా ఉన్న బండిలో మధ్య భాగాన్ని రెండుసార్లు చూడండి.

ఫైబర్ గోడల మీద చేత్తో రాస్తూ పోండి. ఎక్కడైనా బుడగలా ఉబ్బితే పొరలు విడిపోతున్నాయన్నమాట. పలచటి ప్లైవుడ్ పొర ఉన్న గోడల్లో దీనికి కారణం ఎక్కువగా నీరు. అజ్డెల్ లాంటి చెక్కలేని మిశ్రమ పలకలు వాడిన గోడ నీటికి కుళ్లదు, అయినా జిగురు వదలొచ్చు. మూలల్లో, కిటికీల కింద తేమ మీటరు పెట్టండి. 20 శాతం దాటితే లోపల నీరు చేరిందని అనుమానించండి.

7. కొలవండి

హిచ్ బంతి మీద కూర్చునే కప్లర్ మధ్య నుంచి, ఫిఫ్త్ వీల్ అయితే కింగ్‌పిన్ నుంచి గుండు వదిలి నేలమీద గుర్తు పెట్టి, ముందు యాక్సిల్ కుడి కొసకు, ఎడమ కొసకు కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. 1/8 అంగుళానికి మించి తేడా వస్తే మళ్లీ కొలవండి, మళ్లీ అంతే వస్తే యాక్సిల్ పక్కకు జరిగింది లేదా హ్యాంగర్ వంగింది. తర్వాత రెండు యాక్సిళ్ల మధ్య దూరం రెండువైపులా కొలిచి పోల్చండి. చివరగా ఒక్కో దూలం వెంట ముందు నుంచి వెనక దాకా దారం బిగించి కట్టి, పక్కకు వంకర ఉందేమో చూడండి. దారం సడలితే కొలత పనికిరాదు.

టైర్లు కూడా చూడండి. లోపలి అంచు మాత్రమే అరిగితే యాక్సిల్ వంగింది, లేదా బరువు ఎక్కువైంది. ఒక్క టైరే తేడాగా అరిగితే ఆ పక్క హ్యాంగర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైర్లు బండి కంటే బాగా కొత్తవైతే పాతవి ఎలా అరిగాయో అడిగి తెలుసుకోండి.

8. లాగి, మళ్లీ చూడండి

ఖాళీ బండిని నిలబెట్టి చూసిన తనిఖీ సగమే. కొన్నాక, సామాను నింపి, ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ (CAT) కంపెనీ కాటా మీద తూయించండి. ట్రావెల్ ట్రైలర్ ముందు బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, ఫిఫ్త్ వీల్‌కు 20 నుంచి 25 శాతం మధ్య ఉండటం వాడుక. మొదటి 50 మైళ్లలో రెండు మూడుసార్లు ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచితో సరిచూసుకోండి.

బయల్దేరేముందు హ్యాంగర్ల అతుకులు, ముందు మూల, స్లైడ్ సందులు ఫొటో తీయండి. అనుమానమున్న గీతకు రెండు కొసల దగ్గర పెయింట్ మార్కర్‌తో చుక్కలు పెట్టి తేదీ రాయండి. మొదటి పెద్ద ప్రయాణం తర్వాత అదే కోణంలో మళ్లీ ఫొటో తీసి పోల్చండి. గీత చుక్క దాటితే అది పెయింట్ మీది గీత కాదు. దాటకపోతే ఇంకో ప్రయాణం తర్వాత మళ్లీ చూడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

• లోపలి సోఫా, వంటగది గట్టు చూసి "కట్టుబడి బాగుంది" అనుకోవడం. అవి ఫ్రేమ్ గురించి ఏమీ చెప్పవు.
• కింద కొత్తగా నల్ల రంగు కొట్టిన బండిని చూసి ముచ్చటపడటం. పాత బండికి తాజా రంగంటే దాని కింద ఏముందో ఇంకా జాగ్రత్తగా చూడాలి.
• వెనకున్న 4 అంగుళాల చదరపు బంపర్‌కు సైకిళ్ల స్టాండ్ తగిలించడం. మురుగు గొట్టం దాచుకోవడానికి పెట్టిన పలచటి గొట్టం అది. దాని హద్దు పుస్తకంలో చూడకుండా ఏదీ వేలాడదీయొద్దు.
• తనిఖీకి మనిషిని పెట్టి, ఏం చూస్తాడో అడక్కపోవడం. మీకు టైం లేకపోతే ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ఎన్‌ఆర్‌వీఐఏ సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవడం మంచిదే. అయితే అడుగు షీట్ విప్పి హ్యాంగర్లు చూస్తారా, ఫొటోలు ఇస్తారా అని ముందే మాట్లాడుకోండి.

పగులు దొరికితే

ఇంకా కొనకపోతే వదిలేయండి, లేదా బాగుచేయించి ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పించండి. కొన్నాక దొరికితే ముందు వెల్డింగ్ షాపుకు పరిగెత్తొద్దు. ఫొటోలు, తేదీ, విన్ నంబరుతో ట్రైలర్ కంపెనీకి, ఫ్రేమ్ తయారీదారుకు రాయండి. వాళ్లను అడక్కుండా వెల్డింగ్ చేయిస్తే వారంటీ పోవచ్చు. భద్రతకు ముప్పు అనిపిస్తే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకు ఫిర్యాదు కూడా పెట్టండి. ఫిర్యాదులు చేరితేనే రీకాల్ దాకా కదులుతుంది. మీ వెనక వచ్చే బండివాళ్లకు కూడా అది మేలు.

వారంటీ లేకపోతే ఫ్రేములు బాగుచేసే అలవాటున్న వెల్డర్‌ను వెతకండి. పగులు కొసన చిన్న రంధ్రం వేసి దాని సాగుడు ఆపి, గాడి తీసి నింపి, పైన పలక వేసి బలపరుస్తారు. పగులు మీద పైపైన ఒక పూత లాగేస్తే నెలల్లో పక్కనే మళ్లీ తెరుచుకుంటుంది. దూలం కింది పట్టీకి అడ్డంగా అతుకు వేస్తానంటే ఎందుకో వివరం అడగండి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ వైర్లు విప్పించండి, బయటి కరెంటు తీసేయండి, గ్యాస్ సిలిండర్లు దించేయండి. అతుకు పక్కన ప్లాస్టిక్ షీటు, ఇన్సులేషన్, వైర్లు, ట్యాంకులు ఉంటాయి కాబట్టి పనయ్యాక కొంతసేపు ఒకరు అక్కడే నిలబడి పొగ వస్తోందేమో చూడాలి. ఒకవైపు హ్యాంగర్ పగిలితే రెండోవైపు దాన్ని కూడా అదే రోజు గీకి చూపించమనండి. రిపేరైన అతుకుకు రెండు కొసల దగ్గరా మళ్లీ చుక్కలు పెట్టి, తేదీ రాసి, మొదటి ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ఇంకోసారి పోల్చి చూడండి.